ముత్తియాల్‌పేట దారిలో ఉక్కు పాటల వేట

పుదుచ్చేరికి పర్యాటకులు సముద్రం కోసం, పసుపు గోడల కోసం వస్తారు. మహాత్మాగాంధీ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి నడిచే పాత రికార్డుల ప్రియులకు మాత్రం అది మరో ఊరు.

ఆదివారం ఉదయం కాస్త పొద్దెక్కిందంటే పుదుచ్చేరి మహాత్మాగాంధీ రోడ్డు మీద కాలు పెట్టే చోటుండదు. వారమంతా వ్యాపారం చేసే దుకాణాలు షట్టర్లు దించుకుంటే వాటి ముందు మరో బజారు లేస్తుంది. చొక్కాలు, నైటీలు, చెప్పులు, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, పిల్లల బొమ్మలు, అక్కడక్కడా పాత పుస్తకాలు. బేరం తమిళంలో మొదలవుతుంది, అవసరాన్ని బట్టి హిందీలోకో ఇంగ్లీషులోకో మారుతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు చూసిన వారికి ఈ తోపులాట కొత్తేమీ కాదు.

ఇలాంటి బజారులో ఒక రకం కొనుగోలుదారును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. వేలాడదీసిన బట్టల వైపు అతను చూడడు. నడుం వంచి, గోనెపట్టా చివర పేర్చిన తుక్కు వైపు చూస్తాడు. తుప్పు పట్టిన టేబుల్ ఫ్యాన్‌కూ, మూత లేని ప్రెషర్ కుక్కర్‌కూ మధ్య 12 అంగుళాల చదరపు అట్ట ఏదైనా కనిపిస్తుందా అని అతని వెతుకులాట. కనిపిస్తే లోపల ఏముండవచ్చో కూడా అతనికి ఇంచుమించు తెలుసు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, నాగస్వరం, ఎంజీఆర్ సినిమా పాటలు, ఇళయరాజా, మహా అయితే బోనీ ఎం. దక్షిణాదిలో ఏ ఊళ్లో పాత రికార్డుల కట్ట విప్పినా వరస ఇదే.

అతను వెతికేది వేరు. ఐరన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్, మోటర్‌హెడ్, మెటాలికా, స్లేయర్. గిటార్ల హోరు, సుత్తిదెబ్బల్లాంటి డ్రమ్ములు, గొంతు చించుకునే గానం, అట్ట మీద పుర్రెలు, దెయ్యాలు. 1980లలో పాశ్చాత్య దేశాల కుర్రకారును ఊపేసిన హెవీ మెటల్ సంగీతం. అప్పట్లో పెద్దలు చెవులు మూసుకున్న ఆ రికార్డులను ఇప్పుడు నడివయసు దాటినవారు దేవుడి పటాల్లా భద్రపరుచుకుంటున్నారు.

గడియార స్తంభం దాకా

మహాత్మాగాంధీ రోడ్డు పుదుచ్చేరి పాత పట్నాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నిలువునా కోస్తుంది. తూర్పున కాలువకు అవతల ఫ్రెంచివారు కట్టుకున్న తెల్లవారి పట్నం, ఇవతల తమిళుల పట్నం. గీత గీసినట్టుండే ఈ వీధుల పథకానికి పునాది మాత్రం డచ్చివారిది. 1693 నుంచి 1699 దాకా ఊరు వారి చేతిలో ఉన్నప్పుడు పడింది. పాత పట్నం చుట్టూ బులెవార్డులు గుడ్డు ఆకారంలో తిరుగుతాయి. ఉత్తరపు బులెవార్డు దాటితే ముత్తియాల్‌పేట.

తెలుగువారి చెవికి ఆ పేరు ముత్యాలపేట అనే వినిపిస్తుంది. పేట అన్న మాట కూడా పరాయిది కాదు, వర్తకులు, చేతిపనివారు గుమిగూడిన చోటు అది. పర్యాటకుల కెమెరాలు సాధారణంగా బులెవార్డు దగ్గరే ఆగిపోతాయి. బోగన్‌విలియా తీగలు, హెరిటేజ్ హోటళ్ల బోర్డులు ఇక్కడ తగ్గిపోతాయి. కూరగాయల బజారు, మెకానిక్ షెడ్లు, టీ కొట్లు, నగల దుకాణాలు, రాజకీయ పార్టీల జెండా దిమ్మెలు మొదలవుతాయి. పేట మధ్యలో గడియార స్తంభం ఉంటుంది. స్థానికులు దాన్ని మణికూండు అంటారు. బస్సు కండక్టర్లకూ ఆటోవాలాలకూ అదే గుర్తు. తూర్పున నాలుగు వీధులు దాటితే మత్స్యకారుల పల్లెలు, ఆ తర్వాత సముద్రం.

ఇంకాస్త ఉత్తరానికి పోతే రాష్ట్రమే మారిపోతుంది. కొట్టకుప్పం తమిళనాడులోని విల్లుపురం జిల్లాది. ఆ దారినే వెళితే ఆరోవిల్‌కు తిరిగే మలుపు, దాన్ని దాటితే మళ్లీ పుదుచ్చేరికి చెందిన కాలాపేట, అక్కడ 1985లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. చెన్నై నుంచి తూర్పు తీర రహదారి మీద వచ్చేవారు దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణించి ఈ పరిసరాల గుండానే ఊళ్లోకి దిగుతారు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కాబట్టి ప్రభుత్వ పనుల మీద, చదువుల మీద వచ్చే తెలుగువారికి ఈ ఊరు రాజధాని.

సరుకు వచ్చిన దారులు

1980లలో ఇంగ్లీషు రాక్ రికార్డు భారతదేశంలో అడుగుపెట్టాలంటే దారులు తక్కువ. మొదటిది చట్టబద్ధమైన దారి. విదేశీ కంపెనీలతో ఒప్పందం ఉన్న భారతీయ కంపెనీలు ఇక్కడే రికార్డులు అచ్చు వేసేవి. అందరికన్నా పెద్దది గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, అంటే హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ కంపెనీ. కోల్‌కతా శివార్లలోని దమ్‌దమ్‌లో దాని ఫ్యాక్టరీ 1928లో మొదలైంది. బ్రిటన్‌లోని ఈఎంఐ దాని మాతృసంస్థగా ఉండేది. ఐరన్ మెయిడెన్ ఈఎంఐ బ్యాండు. జూడాస్ ప్రీస్ట్ సీబీఎస్ బ్యాండు, ఆ కంపెనీ 80ల మొదట్లో భారత్‌లో దుకాణం తెరిచింది. పాలిడార్ సరుకు మ్యూజిక్ ఇండియా ద్వారా వచ్చేది. ఏ బ్యాండు ఏ కంపెనీదో తెలిస్తే ఏ రికార్డుకు ఇక్కడ అచ్చు పడే అవకాశం ఉందో ఊహించవచ్చు. సేకర్తల మొదటి పాఠం ఇదే.

రెండోది క్యాసెట్ల దారి. 1980లలో తెలుగునాట ప్రతి పట్నంలోనూ ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ టీడీకే క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చేవారు. ఎక్కువగా సినిమా పాటలే. ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల హాస్టళ్లలో మాత్రం అదే పద్ధతిలో మెటల్ పాకింది. ఒకరి మామయ్య అమెరికా నుంచి ఒక క్యాసెట్ తెస్తే నెల తిరిగేసరికి అది ఇరవై గదుల్లో మోగేది. ప్రతి కాపీకీ శబ్దం కాస్త మసకబారేది, ఉత్సాహం మాత్రం తగ్గేది కాదు. ఐఐటీ మద్రాసులో అప్పటి ‘మార్డీ గ్రా’ ఉత్సవపు రాక్ రాత్రులకు, ఆ తర్వాత ‘సారంగ్’కు వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఈ క్యాసెట్ల విలువ చెప్పనక్కరలేదు. పుదుచ్చేరిలోనూ జిప్‌మర్ ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ ఉంది.

మూడో దారి ఈ ఊరి ప్రత్యేకత. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైనప్పుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే హక్కు స్థానికులకు దక్కింది. కొన్ని వేల మంది దాన్ని వాడుకున్నారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చినవారిని ఊళ్లో ఇప్పటికీ ‘సొల్దా’లంటారు. వారి పిల్లలు, మనవలు పారిస్‌కూ, పుదుచ్చేరికీ మధ్య తిరుగుతూనే ఉంటారు. పెట్టెల్లో ఏమేం వచ్చాయో ఎవరూ జాబితా రాయలేదు గానీ, ఫ్రాన్సులో ఆ రోజుల్లో కుర్రవాళ్లు వినేదేమిటో తెలుసు. ట్రస్ట్ అనే ఫ్రెంచి మెటల్ బ్యాండు 1980లో తెచ్చిన ‘రెప్రెసియోఁ’ ఆల్బమ్ అక్కడ పెద్ద విజయం సాధించింది. ట్రస్ట్‌లో డ్రమ్ములు వాయించిన నికో మెక్‌బ్రెయిన్ 1982లో ఐరన్ మెయిడెన్‌లో చేరితే, అక్కడి నుంచి బయటకొచ్చిన క్లైవ్ బర్ ఆ తర్వాత ట్రస్ట్‌లో వాయించారు. అందుకే పుదుచ్చేరి తుక్కులో ఫ్రెంచి అక్షరాలున్న అట్ట కనిపిస్తే సేకర్త గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

వీటికి 1968 ఫిబ్రవరి 28న పుట్టిన ఆరోవిల్‌ను కలపాలి. యాభైకి పైగా దేశాల నుంచి మనుషులు వచ్చి చేరిన ఆ ఊరు ముత్తియాల్‌పేటకు పది కిలోమీటర్లయినా ఉండదు. మనుషులు వచ్చిన చోటికి వారి పాటలూ వస్తాయి.

అట్ట చూసి, అంచు చూసి

కుప్పలో కోరిన రికార్డు దొరికినా పని సగమే అయినట్టు. తెలిసినవారు ముందు అట్ట చూడరు, రికార్డును బయటికి లాగి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తారు. పైపైన పడిన గీతలకు భయపడరు. గోరుకు తగిలే గీత ఉంటే మాత్రం ప్రతి చుట్టులోనూ ‘టిక్కు’మంటుంది. తర్వాత మధ్యలోని లేబుల్. కుదురు రంధ్రం చుట్టూ సన్నని గీతల గూడు కనిపిస్తే ఆ రికార్డు చాలాసార్లు తిరిగిందని అర్థం. ఆ తర్వాత పాట ముగిసిన చోటికీ లేబుల్‌కూ మధ్య నున్నటి అంచు. అక్కడ సూదితో గీసినట్టుండే అంకెలే రికార్డు జాతకం. ఏ మాస్టర్ నుంచి తీశారో వాటిని బట్టి చెప్పవచ్చు. అట్ట మారవచ్చు, అంచు మీద అంకె మారదు.

మెటల్ రికార్డుల్లో మరో సంగతుంది. ఎల్పీ మీద శబ్దం పెద్దదయితే గాడి వెడల్పవుతుంది, నిడివి తగ్గుతుంది. ఒక్కో పక్క ఇరవై నిమిషాలు దాటితే హోరు పలచబడుతుంది. స్లేయర్ 1986లో తెచ్చిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ మొత్తం నిడివే దాదాపు 29 నిమిషాలు. అందుకే తొలి క్యాసెట్లలో మొత్తం ఆల్బమ్‌ను రెండు పక్కలా ఎక్కించేశారు. ఐరన్ మెయిడెన్ 1982లో తెచ్చిన ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ బ్రిటన్ ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. దాని అట్ట మీద డెరెక్ రిగ్స్ గీసిన ఎడ్డీ అనే భూతం బొమ్మ చిన్న సీడీ డబ్బా మీద చూస్తే ఒకటి, పన్నెండు అంగుళాల అట్ట మీద చూస్తే ఒకటి. ఆ బొమ్మ కోసమే రికార్డు కొని, మోగించడానికి యంత్రమే లేనివారు కూడా ఉంటారు.

పాత రికార్డుల పిచ్చి తెలుగువారికి కొత్త కాదు. చెన్నైలో స్థిరపడిన వి.ఎ.కె. రంగారావు వేల సంఖ్యలో 78 ఆర్‌పీఎం రికార్డులు కూడబెట్టి, వాటి ఆధారంగా పాటల చరిత్రను అక్షరబద్ధం చేశారు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయే దాకా మద్రాసులో ఇలాంటి వేటగాళ్లకు అదే అడవి. సినిమా పాటకు ఆ పని చేసినవారిని గౌరవంగా చూస్తారు. మెటల్ కోసం అదే పని చేసేవారికి మాత్రం ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఆ గోల దాచిపెట్టడమెందుకు?

మిల్లు మోత

ఆ ప్రశ్నకు సగం జవాబు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంది. అది లోహపు పనుల నగరం. 1965లో అక్కడి రేకుల ఫ్యాక్టరీలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడికి అది ఉద్యోగంలో చివరి రోజు. గిటారిస్టుగా బతుకుదామని పని మానేస్తున్నాడు. ఆ రోజే యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. ఇక వాయించలేవని వైద్యులు చెప్పారు. అప్పుడు ఫ్యాక్టరీలో అతని పై అధికారి ఇంటికొచ్చి ఒక రికార్డు వినిపించారు. ఫ్రాన్సులో పేరు తెచ్చుకున్న జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా జాంగో ఆ చేత్తోనే వాయించారని చెప్పారు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. పలచటి తీగలు బిగించాడు, తర్వాత వాటి శ్రుతి దించాడు. 1970లో వచ్చిన బ్లాక్ సాబత్ మొదటి ఆల్బమ్‌తో హెవీ మెటల్ పుట్టిందని చాలామంది లెక్క.

జూడాస్ ప్రీస్ట్‌దీ ఆ ప్రాంతమే. ఆ బ్యాండు గిటారిస్టు గ్లెన్ టిప్టన్ ఒకప్పుడు బ్రిటిష్ స్టీల్ కంపెనీలో ఉద్యోగి. 1980లో వచ్చిన వారి ఆల్బమ్ పేరే ‘బ్రిటిష్ స్టీల్’. అందులో లోహపు చప్పుడు కోసం స్టూడియోలో చెంచాలు, ఫోర్కుల ట్రేలు పట్టుకుని ఊపారు. ఈ సంగీతంలోని మోత ఊహించి పెట్టింది కాదు. అది కార్మికవాడల పిల్లలు పుట్టినప్పటి నుంచీ విన్న మోత.

ఆ మోత పుదుచ్చేరికీ తెలుసు. ఇది నేత పట్నం. ఇక్కడి నీలిరంగు గుడ్డ ఫ్రెంచి ఓడల్లో పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్లింది. ఊరికి దక్షిణాన ముదలియార్‌పేటలో 1898లో మొదలైన రోడియర్ మిల్లు తర్వాత ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్‌గా పేరు పొందింది. 1936 జులై 30న సమ్మె చేస్తున్న మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిగి 12 మంది చనిపోయారు. వి.సుబ్బయ్య నాయకత్వంలో సాగిన ఆ పోరాటమే ఎనిమిది గంటల పనిదినాన్ని తెచ్చిపెట్టింది. 2011 డిసెంబరులో థానే తుపాను మిల్లును దెబ్బతీసింది. 2020 ఏప్రిల్‌లో అది మూతపడింది. బర్మింగ్‌హామ్‌లోనూ అంతే. లాంగ్‌బ్రిడ్జ్ కార్ల ఫ్యాక్టరీని నడిపిన ఎంజీ రోవర్ 2005లో కుప్పకూలింది.

తేడా ఒక్కటే. బర్మింగ్‌హామ్ యంత్రాలు ఆగిపోయినా వాటి చప్పుడు రికార్డుల్లో మిగిలింది. ఆ నగరం ఇప్పుడు దాన్ని తన వారసత్వంగా చెప్పుకుంటోంది, ప్రదర్శనలు పెడుతోంది. 2025 జులై 5న బ్లాక్ సాబత్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ సొంత ఊరి విల్లా పార్క్ మైదానంలో చివరి కచేరీ చేశారు. అదే నెల 22న కన్నుమూశారు. పుదుచ్చేరి మగ్గాల, మిల్లుల చప్పుడు వినాలంటే అక్కడ పనిచేసినవారి జ్ఞాపకాలే దిక్కు.

ఉప్పుగాలికి ఎదురు

సముద్రం పక్కన రికార్డులు దాచడం సాహసమే. తేమకు అట్టలు ఉబ్బుతాయి, లోపలి కాగితపు సంచులకు బూజు పడుతుంది, ఆ బూజు గాడిలోకి దిగుతుంది. ఎండ తగిలే గోడ పక్కన పెడితే వినైల్ మెత్తబడి వంకర తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి దొంతరగా పేరిస్తే అడుగువి దెబ్బతింటాయి. నిలువుగా, వదులు లేకుండా నిలబెట్టాలి, కాగితపు సంచులు తీసేసి పాలిథీన్‌వి వేయాలి, మధ్యలో సిలికా జెల్ పొట్లాలు పెట్టాలి. కడగాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే వాడాలి, లేబుల్ తడవకూడదు. క్యాసెట్ల బాధ వేరు. టేపు వెనక చిన్న స్పాంజి ముక్క ఊడిపోతే పాట వినిపించదు. పెట్టె విప్పి అతికించుకునే ఓపిక ఉండాలి.

వాతావరణం కన్నా పెద్ద శత్రువు మరొకటుంది. ఇల్లు చేతులు మారడం. పాత ఇంటిని కూలగొడితే, హోటలుగా మారిస్తే గోడల గురించి వారసత్వ ప్రియులు గొడవ చేస్తారు. అటక మీది పెట్టెల గురించి అడిగేవారుండరు. రికార్డులు పాత కాగితాలతో కలిసి తూకానికి పోతాయి. అట్టకైనా కిలోల లెక్కన ధర వస్తుంది, నల్లటి వినైల్‌కు అదీ రాదు.

భారత్‌లో ఎల్పీల తయారీ 1990ల్లో దాదాపు ఆగిపోయింది. 2024లో ముంబయిలో మళ్లీ ఒక ఫ్యాక్టరీ మొదలైంది. అభిమానులు కూడా ఎక్కడికీ పోలేదు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు, 2011 అక్టోబరు 30న అక్కడే మెటాలికా వాయించినప్పుడు వచ్చిన జనంలో మసకబారిన క్యాసెట్లతో పెరిగినవారూ, అప్పటికి పుట్టనివారూ పక్కపక్కనే నిలబడ్డారు. ఇప్పుడు ఫోన్‌లో వేలితో తాకితే ఏ పాటైనా వస్తుంది. అయినా బజారులో నడుం వంచేవారు తగ్గలేదు.

మధ్యాహ్నానికి ఎండ ముదురుతుంది. ముత్తియాల్‌పేట మణికూండు దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చునేసరికి అతని సంచిలో మెటల్ రికార్డు ఉండకపోవచ్చు. సుప్రభాతం ఒకటి, అట్ట చిరిగిన ఇళయరాజా ఒకటి ఉండవచ్చు. వాటినీ వదిలిపెట్టడు. బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీ అధికారి ఆ రోజు తీసుకెళ్లింది కూడా ఒక జాజ్ రికార్డే.  టీ తాగి, సంచి భుజాన వేసుకుని అతను కొట్టకుప్పం వైపు బస్సెక్కుతాడు. వచ్చే ఆదివారం మళ్లీ బజారు ఉంటుంది.